మన ఇంటి క్రింద ఏమున్నది?



ఇల్లు కట్టుకొనే వారు ఎన్నో సంగతులు విచారిస్తారు. ఇసుక ఏ రేవునుండి తేవాలి, సిమెంటు ఏ రకము మంచిది, మేస్త్రి పనితనము ఎటువంటిది అని నలుగురిని అడుగుతారు. గుమ్మము ఎటువైపు ఉండాలని కూడా గంటల తరబడి మాట్లాడుకొంటారు. కాని, "ఈ స్థలము మన తాతల కాలములో ఏమై ఉండేది? ఇది చెరువా, వాగా, పొలమా?" అని అడిగేవారు చాలా అరుదు. స్థలము కొన్న తరువాత నేలను గురించి ఇక ఆలోచించవలసినది ఏమీ లేదని మనము అనుకొంటాము.

భూకంపము వచ్చిన ఊళ్లలో వినిపించే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఈ ఇల్లు ఎందుకు కూలింది? ప్రక్క ఇల్లు ఎందుకు నిలిచింది?" కొందరు అది కర్మ అంటారు, కొందరు పాపఫలము అంటారు. మేము ఇంజనీరులము కాము. అయినా ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొన్న జవాబును చదివినప్పుడు, ఇది పల్లెలలో ఇండ్లు కట్టుకొనే ప్రతి కుటుంబమునకు తెలియవలసిన సంగతి అని మాకు తోచినది. ఆ జవాబులో పెద్ద భాగము మన పాదముల క్రిందనే ఉన్నది.

చెరువు మీద కట్టిన మహానగరము

మెక్సికో దేశపు రాజధాని మెక్సికో నగరము. 1985 సెప్టెంబరు 19, గురువారము. ఉదయము 7 గంటల 17 నిముషాలకు పసిఫిక్ సముద్ర తీరమున పెద్ద భూకంపము పుట్టినది. దాని తీవ్రత 8.0. అది పుట్టిన చోటికి రాజధానికి దాదాపు 350 కిలోమీటర్ల దూరము. అనగా విశాఖపట్టణములో భూమి కదిలితే విజయవాడ కూలినట్టు! మధ్యలో ఉన్న ఎన్నో ఊళ్లకు జరగని నష్టము ఆ దూరపు నగరానికి జరిగినది. నాలుగు వందలకు పైగా భవనాలు కుప్పకూలినవి. వేలాది భవనాలు బీటలు వారినవి. చనిపోయినవారి సంఖ్యపై నేటికీ ఏకాభిప్రాయము లేదు గాని, పదివేల వరకు ఉండవచ్చునని చాలామంది అంచనా. ఒక పెద్ద ఆసుపత్రి శిథిలాల నుండి అప్పుడే పుట్టిన పసిబిడ్డలను కొన్ని దినముల తరువాత ప్రాణాలతో వెలికితీసినప్పుడు ప్రపంచమంతా కన్నీరు పెట్టినది.

అంత దూరపు భూకంపము ఈ నగరాన్నే ఎందుకు పట్టుకొన్నది? ఇందుకు ఆరు వందల సంవత్సరాలకు పైగా వెనుకకు వెళ్లాలి. 1325 ప్రాంతములో అజ్టెక్ ప్రజలు టెస్కోకో అనే పెద్ద సరస్సు నడుమనున్న దీవి మీద తమ పట్టణము కట్టుకొన్నారు. 1521లో స్పెయిన్ దేశస్థులు దానిని జయించి, ఆ శిథిలాల మీదనే క్రొత్త నగరము లేపినారు. తరువాతి శతాబ్దాలలో సరస్సు నీటిని కాలువల ద్వారా బయటికి తోడివేసి, ఎండిన అడుగు మీద వీధులు వేసినారు. నీరు పోయినది గాని, సరస్సు అడుగున పేరుకొన్న మెత్తని బంకమట్టి అక్కడే ఉన్నది. కొన్నిచోట్ల అది పదుల మీటర్ల లోతు ఉన్నది. ఆ మట్టిలో మట్టి బరువు కంటె నీటి బరువే ఎన్నో రెట్లు ఎక్కువ!

ఆ నేల ఎంత మెత్తనిదో తెలియజేసే గుర్తు ఒకటి నగరములో ఉన్నది. 1910లో స్వాతంత్ర్య స్మారకముగా పెద్ద స్తంభము నిలిపినారు. దాని పునాది గట్టిది. అయితే త్రాగునీటి కొరకు భూగర్భజలము తోడుతూ పోగా చుట్టూ ఉన్న నేల క్రుంగిపోయినది. స్తంభము దగ్గరకు ఎక్కుటకు తరువాతి కాలములో 14 మెట్లు అదనముగా కట్టవలసి వచ్చినది. స్తంభము పైకి లేవలేదు, ఊరే క్రిందికి దిగినది.

పళ్లెములో జున్ను

ఒక పళ్లెములో జున్ను ముక్క పెట్టి, పళ్లెమును కొంచెము కదిపి చూడండి. పళ్లెము కదిలినది చిటికెడు, జున్ను ఊగినది పిడికెడు. పళ్లెము ఆగిన తరువాత కూడా జున్ను ఇంకా కొంతసేపు ఊగుతూనే ఉంటుంది. అదే పళ్లెములో బెల్లపుదిమ్మ పెట్టి కదిపితే అది పళ్లెముతో పాటు కదిలి, పళ్లెముతో పాటు ఆగిపోతుంది. రాతినేల బెల్లపుదిమ్మ వంటిది. చెరువుమట్టి జున్ను వంటిది.

సముద్రతీరమున నివసించే మన సహోదరులు మరొక ఉపమానము చెప్పగలరు. లోతైన సముద్రములో వేగముగా వచ్చే అల పడవ క్రిందనుండి పెద్దగా తెలియకుండా దాటిపోతుంది. అదే అల ఒడ్డు దగ్గర లోతు తక్కువైన చోట వేగము తగ్గి, ఎత్తుగా లేస్తుంది. భూకంపపు అల కూడా గట్టి రాతిలో వేగముగా పోతుంది. మెత్తని మట్టిలోనికి రాగానే దాని నడక నెమ్మదిస్తుంది. నడక తగ్గిన కొలది ఊపు పెరుగుతుంది. పైగా క్రింద రాయి, ప్రక్కల కొండలు ఉన్న గిన్నెవంటి లోయలో ఆ అల చిక్కుకొని, అటూ ఇటూ కొట్టుకొంటూ చాలాసేపు తిరుగుతుంది.

1985లో యంత్రములు కొలిచిన లెక్కలు ఇదే చెప్పినవి. మెక్సికో నగరములోనే లావా రాతి మీద విశ్వవిద్యాలయము ఉన్నది. అక్కడ భవనాలకు చెప్పుకోదగిన నష్టము జరగలేదు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరములో పాత సరస్సు అడుగు మీద పెట్టిన యంత్రములో కుదుపు దానికంటె సుమారు 5 రెట్లు ఎక్కువగా నమోదైనది. భూకంపము పుట్టిన సముద్రతీరమున గట్టినేల మీద నమోదైన కుదుపునకు ఇది ఏమాత్రము తీసిపోదు. వందల కిలోమీటర్లు నడిచి అలసిపోయిన అలకు ఆ మెత్తని మట్టి మరల బలమిచ్చినది.

ఉయ్యాలను ఊపే చేయి

ఇక్కడ ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ మెత్తని నేల మీదనే ఉన్న ఒకటి రెండు అంతస్థుల పాత ఇండ్లు అనేకము నిలిచినవి. 1956లో పూర్తియైన 44 అంతస్థుల లాటిన్ అమెరికా గోపురము కూడా చెక్కుచెదరలేదు. దాని పునాది స్తంభాలు మెత్తని మట్టిని దాటి క్రిందనున్న గట్టి పొర వరకు దిగి ఉన్నవి. మరి కూలినవి ఏవి? ఎక్కువగా 6 అంతస్థులనుండి 15 అంతస్థుల మధ్య ఉన్న భవనాలు. చిన్నవి నిలిచి, మహా ఎత్తైనది నిలిచి, నడిమివి ఎందుకు కూలినవి?

చెట్టుకు కట్టిన ఉయ్యాలను మనమందరము ఊపియున్నాము. ప్రతి ఉయ్యాలకు తన ఊపు తనకు ఉంటుంది. పొట్టిత్రాటి ఉయ్యాల గబగబ ఊగుతుంది, పొడుగుత్రాటి ఉయ్యాల నిదానముగా ఊగుతుంది. ఉయ్యాల మన దగ్గరకు వచ్చిన ప్రతిసారి, సరిగా ఆ సమయమునకే చిన్న తోపు ఇస్తే చాలు, చిన్నపిల్లవాడు కూడా పెద్దవానిని కొమ్మ అంత ఎత్తుకు ఊపగలడు. సమయము తప్పి తోస్తే ఎంత బలముగా తోసినా ఉయ్యాల అంతగా ఊగదు.

భవనములు కూడా ఉయ్యాలల వంటివే. అటు ఒరిగి ఇటు వచ్చుటకు అంతస్థుకు సుమారు సెకండులో పదవవంతు పడుతుందని ఇంజనీర్ల ముతక లెక్క. ఒక అంతస్థు ఇల్లు గబగబ అదురుతుంది. పది అంతస్థుల భవనము సెకండుకు ఒకసారి ఊగుతుంది. నేలకు కూడా తన ఊపు ఉంటుంది. మెత్తనిమట్టి ఎంత లోతుగా ఉంటే ఆ ఊపు అంత నిదానము. మెక్సికో సరస్సు మట్టి చాలాచోట్ల రెండు సెకండులకు ఒకసారి ఊగినది. అదే ఊపు ఒక నిముషమునకు పైగా తగ్గకుండా సాగినది. పది, పన్నెండు అంతస్థుల భవనాలు మెత్తని నేల మీద నిలిచినందున వాటి ఊపు మామూలుకంటె నిదానమైనది. స్తంభాలు బీటలు వారిన కొలది ఇంకా నిదానమైనది. చివరకు నేల ఊపు, ఇంటి ఊపు ఒకటైనవి. నేల ఉయ్యాలను ఊపే చేయి అయినది. ప్రతి ఊపుకు ఒక తోపు చొప్పున పడి, భవనాలు తమ బరువుతో తామే కూలినవి.

32 ఏండ్ల తరువాత సరిగా అదే తేదీన, 2017 సెప్టెంబరు 19న, 7.1 తీవ్రతతో మరొక భూకంపము వచ్చినది. ఉదయమే నగర ప్రజలు 1985ను జ్ఞాపకము చేసికొని భూకంప కసరత్తు చేసినారు. రెండు గంటలు గడిచినవో లేదో, నిజమైన భూకంపమే వచ్చినది. ఈసారి అది సుమారు 120 కిలోమీటర్ల దూరములోనే పుట్టినది. గబగబ అదిరే అలలు ఎక్కువగా ఉన్నవి. అందుచేత ఎక్కువ దెబ్బ తిన్నవి సరస్సు అంచున మట్టి పలుచగా ఉన్న పేటలు, వాటిలో నాలుగు మొదలు ఏడెనిమిది అంతస్థుల భవనాలు. రాజధానిలో 228 మంది, మొత్తము సుమారు 370 మంది మరణించినారు. నగరము అదే, మట్టి అదే. అల మారినది గనుక బలియైన ఇండ్లు మారినవి.

ఒకే వంతెన, రెండు నేలలు

"ఆ కూలిన భవనాలు నాసిరకముగా కట్టినవేమో!" అని ఎవరైనా అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి అమెరికాలోని ఓక్లాండు పట్టణము జవాబిచ్చినది. అక్కడ 1957లో తెరచిన రెండు అంతస్థుల రహదారి వంతెన ఒకటి ఉండేది. 1989 అక్టోబరు 17 సాయంకాలము 6.9 తీవ్రతతో భూకంపము వచ్చినప్పుడు దాని పై అంతస్థు క్రింది అంతస్థు మీద పడి 42 మంది చనిపోయినారు. ఆ సాయంకాలము బేస్‌బాల్ పోటీ చూచుటకు చాలామంది త్వరగా ఇండ్లకు చేరినందున సంఖ్య అంతటితో ఆగినది. భూకంపము పుట్టినది అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరములో. వంతెనలో పడిన భాగము సముద్రపు బురద మీద నిలిచినది. గట్టినేల మీదనున్న భాగము నిలిచినది. పడిన భాగములో స్తంభాల కట్టుబడి బలహీనముగా ఉండెనన్నది నిజము. కాని రెండు భాగాలను కట్టిన పద్ధతి ఒకటే, రోజు ఒకటే. మారినది నేల మాత్రమే.

దగ్గర్లోనే మరొక ఉదాహరణ ఉన్నది. 2025 మార్చి 28న మయన్మారులో 7.7 తీవ్రత గల భూకంపము వచ్చినది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, మెత్తని బంకమట్టి మీదనున్న బ్యాంకాక్ నగరములో ఎత్తైన మేడల మీది ఈతకొలనుల నీళ్లు వీధులలోనికి పొర్లినవి. కట్టుబడిలో ఉన్న ముప్పై పై చిలుకు అంతస్థుల ప్రభుత్వ భవనము నేలమట్టమై పదుల సంఖ్యలో కూలివారు చనిపోయినారు. ఆ భవనపు నమూనాలోను, కట్టుబడిలోను లోపాలపై విచారణ కూడా జరిగినది. మెత్తని నేల ఊపును పెంచుతుంది, మనిషి చేసిన లోపమును ఆ ఊపు వెదకి పట్టుకొంటుంది.

నేలయే నీరైనప్పుడు

నీళ్లు నిండిన ఇసుకనేల మరొక విధముగా మోసము చేస్తుంది. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద నిలిచి కాలితో పదేపదే తొక్కితే ఏమవుతుంది? ఇసుక మెత్తబడి, నీరు పైకి ఉబికి, పాదము దిగబడుతుంది. భూకంపము అదే పనిని ఊరంతటికీ చేస్తుంది. 1964 జూన్ 16న జపానులోని నీగాటా పట్టణములో ఇట్లే జరిగి, నాలుగంతస్థుల నివాస భవనాలు పగలకుండానే ప్రక్కకు ఒరిగిపోయినవి. ఒకటైతే దాదాపు పడుకొన్నది. గోడలు బాగున్నవి, క్రింది నేల మాత్రము ద్రవమైనది.

మన దేశములో 1934 జనవరి 15న బీహారు, నేపాలు ప్రాంతములలో వచ్చిన భూకంపములో పదివేలమందికి పైగా మరణించినారు. ఉత్తర బీహారులో దాదాపు 300 కిలోమీటర్ల పొడవున నేల మెత్తబడి ఇండ్లు ఒరిగి క్రుంగినవి. భూమి బీటలనుండి ఇసుక, నీళ్లు చిమ్ముకొని వచ్చి పంటపొలములను కప్పినవి, బావులు పూడిపోయినవి. రైతునకు ఇది ఇల్లు కూలుట కంటె తక్కువ దెబ్బ కాదు. ఆ భూకంపము అస్పృశ్యత అనే పాపమునకు దేవుడు పంపిన శిక్ష అని గాంధీగారు అన్నారు. అస్పృశ్యత విషయములో గాంధీగారితో ఏకీభవించే రవీంద్రనాథ్ ఠాగూరుగారు ఆ మాటను మాత్రము ఒప్పుకొనక బహిరంగముగా ఖండించినారు.

మన ప్రాంతము మాట

2001 జనవరి 26 ఉదయము గుజరాతులోని కచ్ ప్రాంతములో భూకంపము వచ్చి పదమూడు వేలమందికి పైగా మరణించినారు. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న అహ్మదాబాదులో కూడా అనేక మేడలు కూలి వందలమంది చనిపోయినారు. ఆ నగరము సబర్మతి నది తెచ్చిన లోతైన ఒండ్రు మీద ఉన్నది. కూలిన వాటిలో చాలా మేడలకు క్రింది అంతస్థులో గోడలు లేవు, కార్లు నిలుపుటకు ఉత్త స్తంభాలే ఉన్నవి.

మరి మన సంగతి? కృష్ణా, గోదావరి డెల్టాలు నదులు తెచ్చిన లోతైన ఒండ్రుతో ఏర్పడినవి. మన వద్ద మెక్సికోలో వచ్చినంత భూకంపములు వచ్చినట్లు లేవు. అయితే 1967 మార్చి 27న ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలినది. ఇది భయపెట్టుటకు చెప్పుట లేదు. ఇప్పుడు మన చిన్న పట్టణములలో కూడా అయిదంతస్థుల మేడలు లేస్తున్నవి. కుంటలు పూడ్చి, పల్లపు పొలాలకు మెరక తోలి ప్లాట్లు చేస్తున్నారు. మన తాతల పెంకుటిండ్లకు లేని ప్రమాదము మన మేడలకు ఉండవచ్చును.

మన దేశపు భూకంప నిర్మాణ నియమావళి కూడా నేలను గట్టిది, మధ్యరకము, మెత్తనిది అని మూడు తరగతులు చేసినది. 2002లో సవరించిన ఆ నియమాల ప్రకారము, నిదానముగా ఊగే ఎత్తైన కట్టడము రాతినేల మీద ఎంత బలమునకు తట్టుకోవాలో, మెత్తని నేల మీద దానికి 1.67 రెట్లు బలమునకు తట్టుకొనేటట్లు కట్టాలి. అనగా ఎదురింటివారి మేడ నమూనా బాగున్నదని, నేల వేరైన చోట దానినే తెచ్చి కట్టరాదు.

ఇల్లు కట్టేముందు

1. స్థలము చరిత్ర అడగండి. ఊరి పెద్దలను, పాత గ్రామ పటమును అడగండి. కుంట, చెరువు శిఖము, వాగు పోరంబోకు అని తేలితే తొందరపడకండి.

2. గొయ్యి త్రవ్వి చూడండి. ఎంత లోతున గట్టినేల తగిలినది, నీరు ఎక్కడ ఊరినది గమనించండి. రెండంతస్థులు దాటి కట్టదలిస్తే భూసార పరీక్ష కాదు, పునాది కొరకు చేసే మట్టిపరీక్ష చేయించండి. ఇంటి ఖర్చులో దాని ఖర్చు బహు స్వల్పము.

3. ఒకే ఇంటి పునాది సగము గట్టినేల మీద, సగము మెరక మీద ఉంచకండి. మెరక తోలితే పొరలు పొరలుగా తోలి, నీరు పట్టించి, దిమ్మిస కొట్టించండి. నల్లరేగడిలో ఇంజనీరు సలహా లేకుండ పునాది వేయకండి.

4. గోడల మీద నిలిచే ఇంటికి పునాది మట్టమున, గుమ్మాల పైన, కప్పు క్రింద కాంక్రీటు బెల్టులు ఇల్లంతా చుట్టూ తిరిగి రావాలి. గంపకు చుట్టూ అల్లిన బద్ద ఎట్లాగో గోడలకు బెల్టు అట్లాగు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతములో వేలమంది నిద్రలోనే చనిపోయినది, బురదతో పేర్చిన బరువైన రాతిగోడలు విడిపోయి మీద పడుట వలననే.

5. స్తంభాల మీద నిలిచే ఇంటికి, స్తంభపు పైకొన, క్రిందికొనలలో ఇనుప రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. రింగు కొసలు లోపలికి వంచియుండాలి. క్రింది అంతస్థును ఉత్త స్తంభాల మీద వదిలితే ప్రత్యేకముగా బలము చేయించాలి.

6. ఒక అంతస్థుకు వేసిన పునాది మీద, పిల్లలు పెద్దవారైనారని, మరి రెండు అంతస్థులు లేపకండి. బరువు మాత్రమే కాదు, ఇంటి ఊపు కూడా మారిపోతుంది.

చివరిగా ఒక మాట

సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయములో మనకు తెలిసినదే. వారు యెరూషలేములోని తక్కిన వారందరికంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పినాడు. మెక్సికోలో పదంతస్థుల మేడలో ఉన్నవారు, ప్రక్క పెంకుటింటివారి కంటె చెడ్డవారు కారు. అహ్మదాబాదులో క్రింద కార్లు నిలిపిన మేడలో పండుగ ఉదయమున టీ త్రాగుతున్న కుటుంబము, ప్రక్క మేడలోని కుటుంబము కంటె చెడ్డది కాదు. కూలిన ఇంటిని చూచి చనిపోయినవారిని తీర్పు తీర్చుట మన పని కాదు. కూలక ముందు ఆ నేలను, ఆ పునాదిని అడుగుట మన పని.

ఈ వేసవిలో మన ఇండ్లలో ఎందరో ముగ్గు పోసి పునాది త్రవ్వుతారు. ఆ మొదటి గొయ్యి త్రవ్విన రోజున ఇంటి యజమాని దాని అంచున ఒక్క ఘడియ నిలిచి, లోపలి మట్టిని చేతిలోనికి తీసికొని పిసికి చూచిన యెడల మేలు. పైన కట్టబోయేదంతా పదిమందీ చూస్తారు. ఈ మట్టిని చూచే అవకాశము ఆ ఒక్కరోజే దొరుకుతుంది.